కీ ఇచ్చుకుంటూనే సాగిన స్పీడ్‌మాస్టర్

వాచీల సంస్థ ఒమేగా 1957లో స్పీడ్‌మాస్టర్ అనే చేతి వాచీని మోటారు పందేలను దృష్టిలో పెట్టుకొని తయారుచేసింది. అంతరిక్షం మాట అప్పటికి ఎవరూ అనుకోలేదు. సగటు వేగాన్ని లెక్కగట్టే టాకీమీటర్ అంకెలను ఆ రోజుల్లో సాధారణంగా డయల్ అంచున ముద్రించేవారు. వాటిని డయల్ నుంచి తీసి దాని చుట్టూ ఉండే బెజెల్ అనే వలయం మీదికి చేర్చడంతో డయల్ తేలికపడి, నల్లని నేల మీద ముళ్లు చూపు ఆనగానే తెలిసిపోయేలా నిలిచాయి. 1959లో స్టీలు బెజెల్ స్థానంలో నల్లనిది వచ్చింది. నేటి స్పీడ్‌మాస్టర్ ముఖకవళికలు అప్పుడే ఏర్పడ్డాయని నా అభిప్రాయం.

1962లో అమెరికా వ్యోమగామి వాలీ షిరా కక్ష్యలోకి వెళ్లినప్పుడు ధరించినది ఆయన సొంత స్పీడ్‌మాస్టర్. ఆ తరువాత నాసా కొన్ని సంస్థల క్రోనోగ్రాఫులను, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీలను, తెప్పించి, 93 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిలోనూ, సున్నాకు 18 డిగ్రీల దిగువన చలిలోనూ, శూన్యంలోనూ ఉంచి, అదురుకూ దెబ్బలకూ గురిచేసి చూడగా, చివరకు నిలిచినది ఇదొక్కటే. 1965 మార్చి 1న అధికారిక ఆమోదం లభించింది. దానికి ముందు సంవత్సరమే కేసు కుడివైపు కొంచెం ఉబ్బి, కీ ఇచ్చే మరకూ బొత్తాలకూ రక్షణగా నిలిచే 42 మిల్లీమీటర్ల రూపం వచ్చింది.

అభిమానులు ఇప్పటికీ తెగని వాదన చేసేది 1968 నాటి మార్పు గురించి. అంతకు ముందున్న 321 కాలిబర్‌లో (కాలిబర్ అంటే వాచీ లోపలి యంత్రం) స్టాప్‌వాచ్‌ను నడిపేది కాలమ్ వీల్, అంటే చిన్న స్తంభాలు నిలిపిన చక్రం. బొత్తం నొక్కిన ప్రతిసారీ అది ఒక్క మెట్టు తిరిగి మీటలను కదుపుతుంది. దానిని చెక్కడం శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని. కొత్తగా వచ్చిన 861లో ఆ పనిని క్యామ్ అనే సులువైన భాగానికి అప్పగించి, లోపల అటూ ఇటూ ఊగే చక్రానికి గంటకు 18,000గా ఉన్న కంపనాలను 21,600కు పెంచారు. పొదుపు కోసం పరువు తీశారని కొందరు బాధపడతారు. కాలమ్ వీల్ బొత్తం మెత్తగా దిగుతుందన్నది నిజమే గాని, చంద్రుడి మీదికి వెళ్లినదన్న గౌరవం వల్ల 321 మీద మోజు కొంత ఎక్కువైందని కూడా ఒప్పుకోవాలి. ఆ మోజును ఒమేగా గుర్తించి, 2019లో దానిని మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది.

1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమనౌక దారి సరిచేయడానికి ఇంజన్‌ను 14 సెకన్లు మండించినప్పుడు, అందులోని వ్యోమగామి జాక్ స్విగర్ట్ ఈ వాచీతోనే లెక్క చూశాడు. విచిత్రమేమంటే, సెకన్లకు ఇంత పేరు పడ్డ ఈ వాచీలో టైము సరిచేసేటప్పుడు సెకన్ల ముల్లు ఆగేది కాదు. 2021లో అసలు వరుసలోకి చేరిన 3861 కాలిబర్‌తో గాని దానికి ఆ సౌకర్యం రాలేదు. దానితోపాటు స్ప్రింగు శక్తిని తక్కువ రాపిడితో అంచెలంచెలుగా వదిలే కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంటూ, 15,000 గాస్ (అయస్కాంత క్షేత్రానికి కొలమానం) అయస్కాంత శక్తిని తట్టుకొనే గుణమూ చేరాయి.

1970లలో చేతి కదలికతో తమంతట తామే కీ తిరిగే ఆటోమేటిక్ స్పీడ్‌మాస్టర్లు కూడా వచ్చాయి. అయినా అసలు వరుస మాత్రం కీ ఇచ్చే పద్ధతిని వదలలేదు. 3861 ఒకసారి కీ ఇస్తే నడిచేది 50 గంటలు. శుక్రవారం రాత్రి కీ ఇచ్చి బల్ల మీద పెడితే, సోమవారం ఉదయానికి ఆగిపోయి ఉంటుంది.