లాలీ గురించి గైడు రాసిన ఒక్క ముక్క

పెద్దోడి గైడులో ఒక జవాబు చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. "లాలీ అహంకారి, అందువల్ల వందవాసిలో ఓడెను." రెండు మార్కులంట! వాడు ఒప్పజెప్పేసి పడుకున్నాడు, నాకే నిద్ర పట్టలా.

ఈ లాలీ ఇంగ్లీషు వాళ్ళతో పోరాడను మన దేశానికొచ్చిన ఫ్రెంచి సేనాని; వందవాసి తమిళనాట 1760లో ఆయన వాళ్ళ చేతిలో ఓడిన చోటు. ఆయన నాయన ఐర్లండువాడు. రాజ్యం పోయిన ఇంగ్లండు రాజు జేమ్స్ పక్షాన నిలిచి, ఊరొదిలి ఫ్రాన్సు కొలువులో చేరాడు. కొడుకు 1702లో ఫ్రాన్సులోనే పుట్టి, అక్కడి ఐరిష్ పటాలంలో ఎదిగాడు. 1745లో ఫాంటెనాయ్ దగ్గర ఇంగ్లీషు వాళ్ళ మీద పోరాడినందుకు పదిహేనో లూయీ యుద్ధభూమిలోనే బ్రిగేడియర్‌ని చేశాడు. అంత శూరుణ్ణి ఒక్క మాటతో కొట్టేస్తే ఎట్లా?

1758లో పుదుచ్చేరిలో దిగేటప్పటికి ఖజానాలో దుడ్డు లేదు. ఇంగ్లీషు వాళ్ళ సెయింట్ డేవిడ్ కోట పట్టాడు సరే, దుడ్డు కోసం తంజావూరు మీదికి పోతే మందుగుండు చాలక వెనక్కి తిరిగాడు. దక్కను నుంచి అక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీని పిలిపించుకున్నాడు. ఆ డిసెంబరులోనే చందుర్తిలో ఫ్రెంచివాళ్ళ మీద ఇంగ్లీషు సేనాని ఫోర్డు గెలిచాడు, 1759 ఏప్రిల్‌కల్లా బందరు కూడా వాళ్ళ చేయి జారిపోయింది. మద్రాసు ముట్టడి ఇంగ్లీషు ఓడలు కనబడగానే ఎత్తేయాల్సి వచ్చింది. అక్టోబరులో జీతాలందక ఆయన ఫ్రెంచి సైనికులే తిరగబడ్డారు. మూడు నెలలకు వందవాసి. ఆ కాలంలోనే మన తిరుమల కొండ రాబడిని ఆర్కాటు నవాబు మహమ్మదాలీ బాకీ కింద ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. యాత్రికుల దుడ్డు అటు పోతుంటే ఇటు జీతాలకే గతి లేదు. గైడులో ఈ ఊసే లేదు!

1761లో పుదుచ్చేరి పోయింది. లండన్‌లో ఖైదీగా ఉండి, పారిస్‌లో నిందలు వేస్తున్నారని తెలిసి, తనంతట తానే పోయి నిలబడ్డాడు. అక్కడి బాస్టీల్ జైల్లో పెట్టారు. 1766 మే 9న నోటికి గుడ్డలు కుక్కి తల నరికారు. వలస వచ్చినవాడి కొడుకు, వెనక ఎవరున్నారు? రచయిత వోల్తేరు, లాలీ కొడుకు పోరాడితే 1778లో ఆ తీర్పు కొట్టేశారు.

ఇంతదాకా రాసి, కీవళూరు గుర్తొచ్చి ఆగిపోయాను. తంజావూరు దారిలో అక్కడి గుడి బ్రాహ్మణులను వేగులని అనుమానించి ఫిరంగి మూతులకు కట్టి పేల్పించాడు. పుదుచ్చేరిలో కులం, ఆచారం చూడకుండా జనాన్ని పట్టి బరువులు మోయించాడు. అట్లాంటివాడికి ఎద్దునో బండినో ఎవరు తెచ్చిస్తారు? గైడు మాట పూర్తిగా అబద్ధమని అనలేను. కానీ ఆ అహంకారం ఆయన్ని దెబ్బతీసింది తంజావూరు దారిలో. వందవాసి నాటికి మిగిలింది జీతాల్లేని పటాలం.