1887లో పోయిన మనిషి 1894లో పొలం ఎలా అమ్మాడు?

మా వంశవృక్షం కడదామని మూడు ఆదివారాలుగా కూర్చుంటున్నాను, మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

ముందు మంచి మాట ఒకటి. నాయనమ్మ తద్దినాల పుస్తకంలో మా తాత గారి తాత పోయింది వ్యయ నామ సంవత్సరం, మాఘ అమావాస్య, మంగళవారం అని ఉంది. లెక్క కడితే 1887 ఫిబ్రవరి 22 వచ్చింది, ఆ రోజు మంగళవారమే. పుస్తకం నమ్మొచ్చు.

ఇక తలనొప్పి. 1894 నాటి విక్రయ దస్తావేజు నకలు చేతికొచ్చింది. (గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. నేనేమో గుంటూరు పేరుతోనే వెతుకుతూ నెల రోజులు పోగొట్టుకున్నాను. 1894 కాగితం మీద కృష్ణా జిల్లా అనే ఉంటుంది.) అందులో పొలం అమ్మింది ఆయనే. ఇంటిపేరు అదే, తండ్రి పేరు అదే, ఊరు అదే. చనిపోయిన ఏడేళ్లకు!

మనవడేమో అనుకున్నాను. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు కదా, అలా ఒక తరం వదిలి ఒక తరం పేరూ తండ్రి పేరూ రెండూ కలుస్తాయి. కానీ ఆయన కొడుకు, మా ముత్తాత, పుట్టింది దుందుభిలో, అంటే 1862లో. 1894 నాటికి ఆయనకు 32 ఏళ్లు, పెద్ద కొడుక్కి ఎంత లాగినా పన్నెండు దాటవు. మైనరైతే సంరక్షకుడి పేరు రాయాలి, అదెక్కడా లేదు. దత్తతేమో అనుకుంటే తండ్రి పేరు కలవకూడదు.

నిన్న రాత్రి బాబాయికి ఫోన్ చేస్తే ఆయన ఒక్క ముక్కలో అన్నాడు: "ఒరేయ్, పెద, చిన చూశావా?" అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరు పెట్టి ముందు పెద అనో చిన అనో తగిలించడం మన వైపు ఎన్ని ఇళ్లలో లేదు! వెంటనే నకలు తీసి స్కేలు పెట్టి కొలిచాను. మిగతా మాటల మధ్య ఖాళీ రెండు మిల్లీమీటర్లు, ఈ పేరు ముందు మాత్రం తొమ్మిది. ఆ ఖాళీలో సిరా మరక, మరక పైన చిన్న గీత. అది 'చి' మీది గుడా, 'పె' మీది ఎత్వమా? అదే పేజీలో అదే గుమాస్తా రాసిన గుడులు పద్నాలుగు, ఎత్వాలు పదకొండు ఫోన్‌లో పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన గుడి పూర్తిగా మూసుకోదు, ఎత్వం ఎడమ పక్క తెరుచుకుని ఉంటుంది. నకల్లో ఆ ఎడమ పక్కే చెరిగిపోయింది. నా మనసు 'చి' అంటోంది, రుజువు మాత్రం లేదు. గొలుసుకట్టు రాత దగ్గర గూగుల్ లెన్స్ ఏమీ పనిచేయదు, భూతద్దమే దిక్కు.

గ్రాంప్స్‌లో (వంశవృక్షం రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ప్రస్తుతానికి ఇద్దరినీ వేరువేరు మనుషులుగా ఎక్కించి, రెండో ఆయన ఆధారానికి నమ్మకం 'చాలా తక్కువ' అని పెట్టాను. ఈ సౌకర్యం కోసమే దాన్ని వదలను, డబ్బు కట్టే సైట్ల కంటే మన రికార్డులకు ఇదే నయం.

సోమవారం రిజిస్ట్రేషన్ ఆఫీసులో అసలు వాల్యూమ్ (దస్తావేజులు ఎక్కించిన పుస్తకం) చూడనిస్తారేమో అడగాలి. లేకపోతే పొలం హద్దులు పట్టుకుని వెనక్కి వెళ్తాను. తూర్పున "అమ్మినవారి అన్న గారి భూమి" అని ఉంది, ఆ అన్న పేరు రాయలేదు. ఆ అన్న పొలం పాత దస్తావేజు దొరికితే అందులో పడమర హద్దు ఎవరిదో చూడాలి. వంశరాజులు (ఊరూరా తిరిగి ఇళ్ల వంశావళి చెప్పేవాళ్లు) ఈ ఏడు మా ఊరొస్తే మా ఇంటి వంశం చెప్పించుకుని రికార్డు కూడా చేస్తాను, బాబాయికి ఇప్పటికే చెప్పి ఉంచాను.