బియ్యం కొలుస్తాం, దేవుణ్ణీ కొలుస్తాం

నిన్న సాయంత్రం మా గుంటూరులో, మా వీధి గుళ్లో భారతం చెబుతుంటే శాంతిపర్వంలో జాజలి కథ వచ్చింది. కదలకుండా తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి గుడ్లు పెట్టాయి, పిల్లలు పెద్దవై ఎగిరిపోయే దాకా అలాగే నిలబడ్డాడు, ఇక నా అంత ధర్మాత్ముడు ఎవరున్నారు అనుకున్నాడో లేదో, కాశీలో తులాధారుడనే వ్యాపారికి నువ్వు సాటి రావు అని ఆకాశం నుంచి మాట వినబడింది. వెళ్లి చూస్తే ఆ మహానుభావుడు కొట్లో కూర్చుని సరుకు అమ్ముకుంటున్నాడు!

"తులా మే సర్వభూతేషు సమా తిష్ఠతి జాజలే". నా త్రాసు అన్ని ప్రాణులకీ సమానంగానే నిలుస్తుంది అన్నాడాయన. రాత్రంతా అదే చెవుల్లో తిరిగింది.

అసలు మన తెలుగే చూడండి, బియ్యాన్నీ కొలుస్తాం, దేవుణ్ణీ కొలుస్తాం, మాట ఒకటే. ప్రమాణం అంటే కొలతా అవుతుంది, ఒట్టూ అవుతుంది. నీషే అనే జర్మన్ తత్వవేత్త కూడా 1887లో ఇలాంటిదే రాశాడు, వాళ్ల భాషలో అపరాధానికీ అప్పుకీ మూలం ఒకే మాటని, తప్పు చేశాననే బాధ అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య లెక్కల్లోంచే పుట్టిందని. ఆయన దారి దేవుడి వైపు కాదనుకోండి. కానీ బజార్లో పుట్టినంత మాత్రాన ధర్మం తక్కువైపోతుందని నేను అనుకోను, తులాధారుడు కూర్చుంది బజార్లోనే కదా.

చిన్నప్పుడు నాన్నతో మిర్చి యార్డుకి వెళ్లా. ఘాటుకి కళ్లు మంట, ఒకటే తుమ్ములు. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, కాటా మీదికి ఎక్కిస్తుంటే కమీషన్ కొట్టాయన తరుగు పేరుతో ముందు అనుకున్నదాని కంటే ఎక్కువ కోసేశాడు, నాన్న అడిగాడు కూడా, వినలేదు. తిరిగొచ్చేప్పుడు బస్సులో చాలాసేపటికి, "డబ్బు పోతే పోయిందిరా, కాటా ముందు నిలబడి అబద్ధమాడాడు" అన్నాడు. నాన్నకి అది గుళ్లో అబద్ధమాడటంతో సమానం.

అమ్మ ఇప్పటికీ వడ్లు కొలిచేప్పుడు ఒకటి అనదు, "లాభం, రెండు, మూడు" అనే లెక్కపెడుతుంది. పక్కింటి పిన్నిగారి దగ్గర గ్లాసుడు పంచదార తెస్తే తిరిగిచ్చేప్పుడు అంచుదాకా పోసి, వేలితో చదును చేసి, పైన ఇంకో చెంచా వేస్తుంది. ఇవాళ పొద్దున కూడా అంతే, పంచదార రాలుతుంటే రెండో చెయ్యి గ్లాసు కింద పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది.