కాలికి బూట్, చేతుల్లో క్రచెస్, మ్యాచ్ మాత్రం మానలేదు

ఎక్స్‌రే చూసి, చిటికెన వేలి వెనక పాదంలో ఉండే పొడుగాటి ఎముక విరిగిందని డాక్టర్ చెప్పగానే, శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లొచ్చా అని అడిగాను. ఆయన నవ్వలేదు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞతగానే ఉంది. కాసేపు ఆలోచించి, "ఈ శనివారం వద్దు. వాపు కాస్త తగ్గాక, కాలు నేలకి మోపనంటే, తోడుగా ఎవరైనా వస్తారంటే వెళ్లండి" అన్నారు. మెట్లు దిగుతుంటే చివరి మెట్టు మీద పాదం లోపలికి మడతపడింది, టక్కుమని చప్పుడు కూడా వినిపించింది. అంతకు మించి ఆ రోజు గురించి చెప్పడానికేం లేదు.

ఈ ఎముక పేరు ఐదో మెటాటార్సల్, బొటనవేలి వైపు నుంచి లెక్కపెడితే ఐదోది. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి మెటాటార్సల్ అనే మాట కొత్తేం కాదు. 2002 ఏప్రిల్‌లో డేవిడ్ బెక్‌హమ్‌కి రెండోది విరిగింది, 2006 ఏప్రిల్‌లో వేన్ రూనీకి నాలుగోది, 2018 ఫిబ్రవరిలో నేమార్‌కి నాకు విరిగిన ఐదోదే. ముగ్గురూ దెబ్బ తగిలిన ఏడాదే వరల్డ్ కప్ ఆడారు. దాంతో చూసేవాళ్లకి ఇది చిన్న దెబ్బ అనిపిస్తుంది. కానీ ఐదో ఎముక ఎక్కడ విరిగిందన్న దాన్ని బట్టి అంతా మారిపోతుంది. మడమ వైపు చివర చిన్న ముక్క ఊడితే మామూలుగా 6 నుంచి 8 వారాల్లో అతుక్కుంటుంది, చాలామంది పాదం కదలకుండా పట్టి ఉంచే బూట్ వేసుకుని నడిచేస్తారు కూడా. దానికి కాస్త ముందు, రక్తం సరిగా అందని చోట విరిగితే అది జోన్స్ ఫ్రాక్చర్. అది మొండిది, ఆలస్యంగా అతుకుతుంది, ఒక్కోసారి అసలు అతకదు, అందుకే ఆటగాళ్లకి ఎక్కువగా స్క్రూ వేసేస్తారు. రాబర్ట్ జోన్స్ అనే సర్జన్‌కి డాన్స్ చేస్తుంటే పాదం ఇలాగే విరిగిందట, దాని మీద ఆయన 1902లో రాశాడు, పేరు అలా వచ్చింది. నాది ఈ మొండి రకమే. ఎముక పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ లేకుండా ప్రయత్నిద్దామన్నారు, కాకపోతే కొన్ని వారాలు ఎడమ కాలి మీద ఒక్క పిసరు బరువు కూడా పడకూడదు.

మొదటి వారమంతా దిండ్ల మీద కాలు పెట్టుకుని పడుకోవడమే. కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి, కిందికి దించితే చాలు, వేళ్లు ఊదారంగులోకి తిరిగి పాదం మొత్తం బిగదీసుకుపోయేది. ఆ వారం మ్యాచ్ ఫోన్‌లో చూశాను, మేము, అంటే మా టీమ్, ఓడిపోయాం, స్టేడియంలో ఉండి ఓడిపోవడం వేరు, మంచం మీద ఒక్కదాన్నే ఉండి ఓడిపోవడం వేరు. ఏళ్ల తరబడి పక్కపక్క సీట్లలో కూర్చుని, పేర్లు కూడా సరిగా తెలియకుండానే కలిసి అరిచే మనుషులు అక్కడ ఉన్నారు. నాకు నొప్పి కన్నా ఆ వెలితే ఎక్కువగా అనిపించింది. దీన్ని పిచ్చి అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

తర్వాత ఫిజియోథెరపిస్ట్ క్రచెస్‌తో, అంటే చంక కర్రలతో, నడవడం నేర్పించింది. బరువు అరచేతుల మీద పడాలి, చంకల మీద కాదు. చంకల్లో ఆనించి వేలాడితే అక్కణ్నుంచి చేతిలోకి వెళ్లే నరం నలిగి మణికట్టు పట్టు తప్పుతుంది. నిలబడితే పిడి మణికట్టు దగ్గరకి రావాలి, మోచెయ్యి కొంచెం వంగాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు క్రచెస్, దెబ్బ కాలు ముందు. ఇంట్లో మెట్ల మీద ఇవన్నీ బాగానే వచ్చేశాయి. స్టేడియం మెట్లు ఇంటి మెట్లలా ఉండవు కదా, పై స్టాండ్లలో వాలు 34 డిగ్రీల దాకా ఉండేవి ఉన్నాయి, రెయిలింగ్ కొన్నిచోట్లే ఉంటుంది, పైగా మెట్టు మీద ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింక్. క్రచ్ కింద ఉండే రబ్బరు బిళ్ల తడి మీద ఎలా జారుతుందో ఒకసారి చూస్తే చాలు, ఇక ప్రతి అడుగూ చూసుకునే వేస్తాం.

నా మామూలు సీటు పై స్టాండ్‌లో, వరుస మధ్యలో. అక్కడికి వెళ్లే ప్రశ్నే లేదు కాబట్టి క్లబ్‌కి ఫోన్ చేశాను. ఇలాంటి తాత్కాలిక దెబ్బలున్నవాళ్లకి కూడా ముందుగా చెబితే సీటు మార్చే క్లబ్‌లు చాలా ఉన్నాయి, అడగడానికి మొహమాటపడొద్దు. వాళ్లు అడిగిన ప్రశ్నలు నాకు నచ్చాయి: ఎన్ని మెట్లు ఎక్కగలరు, కాలు వంచగలరా చాపాలా, ఏదైనా జరిగి స్టాండ్ ఖాళీ చేయించాల్సి వస్తే ఒకరి సాయం లేకుండా బయటికి రాగలరా. ఈ మూడోది నేను అసలు ఆలోచించనే లేదు. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ల కోసం కట్టిన ప్లాట్‌ఫాం ఆ మ్యాచ్‌కి నిండిపోయిందని, కార్నర్ జెండా దగ్గర మొట్టమొదటి వరుసలో నాకూ తమ్ముడికీ సీట్లిచ్చారు.

మొదటి వరుసలో కాలు చాపుకోవచ్చు, ముందు ఎవరూ లేచి నిలబడరు. బాగానే ఉంది. కానీ గేటు స్టాండ్ మధ్య ఎత్తులో ఉంది, అక్కణ్నుంచి గడ్డి దాకా మెట్లు దిగాలి. జనం రాకముందే వెళ్లిపోయాం. తమ్ముడు నాకన్నా రెండు మెట్లు కింద, నా వైపు తిరిగి, వెనక్కి దిగుతూ వచ్చాడు. "ఒరేయ్, నువ్వు పడతావురా ముందు" అంటే, "నువ్వు కింద చూసుకోవే అక్కా, నా సంగతి నాకొదిలెయ్" అన్నాడు. కింద కూర్చునేసరికి చేతులు వణుకుతున్నాయి, అరచేతుల్లో బొటనవేలి కింద ఎర్రగా కందిపోయింది.

అప్పుడొచ్చింది అసలు టెన్షన్. వార్మప్‌లో ఆటగాళ్లు గోల్‌లోకి షాట్లు కొడుతున్నారు, గురి తప్పినవి మా మీదికే వస్తున్నాయి. ఇంతకు ముందు బంతి ఇటొస్తే పట్టుకోవాలని ఎగబడేదాన్ని. ఆ రోజు బంతి వచ్చిన ప్రతిసారీ తమ్ముడు లేచి నా కాలికి అడ్డంగా నిలబడ్డాడు. దగ్గర్లో జనాన్ని చూసుకునే స్టూవార్డ్ అది చూసి తనే వచ్చి వార్మప్ అయ్యేదాకా మా ముందే నించున్నాడు, నేనేమీ అడగకుండానే.

గడ్డి ఎత్తులో కూర్చుంటే ఆట వేరేలా కనిపిస్తుంది. 105 మీటర్ల మైదానం అవతలి కొస ఒక గీతలా అయిపోతుంది, ఆఫ్‌సైడ్ లైన్ అసలు తెలియదు, కానీ మా వైపు వచ్చిన ఫుల్‌బ్యాక్ ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. గోల్ అవతలి వైపు పడింది. వల కదలడం ఒక్కటే చూశాను, అంతే, స్టేడియం మొత్తం ఒక్కసారిగా లేచింది, నా ఒళ్లు కూడా నన్ను అడక్కుండానే లేవబోయింది. తమ్ముడి రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి. "లేవకు, లేవకు, లేవకు" అని అరుస్తున్నాడు, వాడు అరిచేది గోల్ కోసమా నా కోసమా అని పక్కవాళ్లకి తెలియదు. వాడు గోల్ సంబరం చేసుకోలేదు, నన్ను అలా నొక్కిపట్టుకునే ఉన్నాడు. అది నేను గమనించానని వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

హాఫ్‌టైమ్ 15 నిమిషాలు. మెట్లెక్కి టాయిలెట్ క్యూలో ఒంటికాలి మీద నిలబడి మళ్లీ దిగడం ఆ టైములో అయ్యేది కాదు, అందుకే మధ్యాహ్నం నుంచే నీళ్లు తగ్గించి తాగాను. ఇది మంచి పద్ధతి కాదని తర్వాత తెలిసింది, ఎందుకో చెప్తాను. చలికి వేళ్లు మొద్దుబారాయి, బూట్ ముందు భాగం తెరిచే ఉంటుంది కదా, పెద్ద సైజు ఊలు సాక్స్ ఒకటి వేళ్ల మీదికి లాగితే సరిపోతుంది. మ్యాచ్ అయ్యాక స్టాండ్ ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

రెండు రోజులకి ఎడమ పిక్క నొప్పి మొదలైంది. పట్టేసినట్టుగా, ముట్టుకుంటే వేడిగా. కాలు కదలకుండా ఉన్నప్పుడు పిక్కలోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికొస్తుంది, ఒంట్లో నీళ్లు తగ్గితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒక పిక్క రెండోదాని కన్నా వాచినా, వేడిగా ఎర్రగా ఉన్నా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు, కండరమే పట్టేసింది. కానీ స్కానింగ్ గది బయట కూర్చున్న ఆ కాసేపట్లో మ్యాచ్‌లూ సీజనూ ఏవీ గుర్తు రాలేదు. ఆ తర్వాత నుంచి నీళ్లు బాగా తాగాను, మంచి కాలి పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, బూట్ ఉన్న కాలి వేళ్లని కదిలించడం మ్యాచ్ మధ్యలో కూడా మానలేదు.

తర్వాతి మ్యాచ్‌లకి ప్లాట్‌ఫాంలో చోటు దొరికింది. లిఫ్ట్, చదునైన నేల, పక్కనే టాయిలెట్, తోడు వచ్చినవాళ్లకి కుర్చీ. ఇంత హాయిగా ఉంటుందని తెలియదు అనుకున్నాను, కార్నర్ కిక్ వచ్చేదాకా. మాకు కార్నర్ దొరికింది, ముందు వరుసల వాళ్లు లేచారు, నా ముందు వీపులు తప్ప ఏమీ లేవు. పక్కన వీల్‌చెయిర్‌లో ఒక పెద్దాయన, చెవిలో రేడియో ఇయర్‌ఫోన్. "గోలా అండీ?" అని అడిగాను. "పోస్ట్‌కి తగిలిందమ్మా" అన్నారు. ఎన్నేళ్లుగా వస్తున్నారో అడగాలనిపించింది, కానీ ఆయనే చెప్పారు: "పాసింగ్ అంతా నేను చూస్తాను. గోల్ మాత్రం ఇంటికెళ్లాక టీవీలో చూస్తాను. అందరూ లేచేది అప్పుడే కదా."

నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. లేచినవాళ్ల మీద కాదు, గోల్ వస్తుంటే లేవకుండా ఎవరుంటారు, నేనూ లేచేదాన్నే. ముందువాళ్లు నిలబడినా వాళ్ల తలల మీదుగా కనిపించేంత ఎత్తులో ప్లాట్‌ఫాం కట్టాలి. కొత్త స్టేడియంలు చాలావాటిలో అలాగే కడుతున్నారు, కట్టడం తెలియని విషయం కాదు.

ఎముక నెమ్మదిగా అతుకుతోందని ఎక్స్‌రేలో తెలిశాక బూట్‌తో నడక మొదలుపెట్టించారు. బూట్ అడుగు మందంగా ఉంటుంది, రెండో కాలికి మామూలు చెప్పు వేసుకుంటే నడుము ఒక పక్కకి ఒరిగి రెండో రోజుకే నొప్పి. మందపాటి అడుగున్న షూ వేసుకున్నాక తగ్గింది. బూట్ తీసేశాక ఎడమ పిక్క కుడిదానిలో సగంలా కనిపించింది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం, విసుగొచ్చేంత సార్లు. "ఏం చేయగలిగితే నీకు తగ్గినట్టు?" అని ఫిజియో అడిగితే, గోల్ పడితే లేవగలగాలి అన్నాను. ఆవిడ ఆ మాటే కాగితం మీద రాసుకుంది, వ్యాయామాలు దానికి తగ్గట్టే ఇచ్చింది. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి నిలదొక్కుకోవడం నేర్పించింది.

సీజన్ చివర్లో నా పాత సీటుకి వెళ్లాను, రెయిలింగ్ పట్టుకుని, మెల్లగా. పక్క సీటాయన "ఎక్కడికెళ్లిపోయావమ్మా ఇన్నాళ్లూ?" అన్నారు. గోల్ పడింది, లేచాను, పాదం నిలబెట్టింది. ఈసారి తమ్ముడు కూడా గోల్ కోసమే అరిచాడు.

సాయంత్రాలు ఇప్పటికీ కాస్త వాపు వస్తుంది, అది కొన్ని నెలలు మామూలేనట. ప్లాట్‌ఫాం ముందు వరుసల గురించి క్లబ్‌కి ఉత్తరం రాశాను, ఆ పెద్దాయనా ఇంకొందరూ సంతకాలు పెట్టారు. ప్లాట్‌ఫాం ఎత్తు పెంచడానికి టైమ్ పడుతుందనీ, అప్పటిదాకా ముందున్న వరుసల టికెట్లు అమ్మకుండా చూస్తామనీ జవాబొచ్చింది. కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి నా సీటు పైనే అయినా, ముందు అక్కడికే వెళ్లి ఆ వరుసలు ఖాళీగా ఉన్నాయో లేదో చూస్తాను. లేకపోతే మళ్లీ రాస్తాను.