మంత్రపు జిడ్డు మండుతుందా?

ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, ఏం జరిగిందో డైస్ వేసి తేల్చుకునే కథల ఆట అది. డీఎం, అంటే డంజియన్ మాస్టర్, నేను. కథ నడిపేది నేనే, రాక్షసుల తరఫున ఆడేది నేనే, తగువొస్తే తీర్పు చెప్పేదీ నేనే. ప్రత్యర్థే అంపైర్ కూడా అయితే ఎవరికి నమ్మకం ఉంటుంది? మొదట్లో నాకు రాక్షసుల కంటే తీర్పులే ఎక్కువ టెన్షన్.

అసలు గొడవ గ్రీజ్ మంత్రంతో వచ్చింది. పదడుగుల చదరంలో నేలంతా జిడ్డు పరుచుకుంటుంది, అందులో ఉన్నవాళ్లు జారిపడకుండా డైస్ వేసుకోవాలి. మా మాంత్రికుడు, అంటే బ్యాంకులో పనిచేసే మా బావ, దాని మీద కాగడా విసురుతానన్నాడు.

"జిడ్డన్నాక అంటుకోదేటి బావా?" అని నన్నే అడిగాడు.

డైస్ పక్కన పెట్టించి పుస్తకం తీశాను. మేం ఆడేది 2014 రూల్స్‌తో. జిడ్డు మండుతుందని అందులో లేదు, మండదనీ లేదు. ఫైర్‌బాల్ దగ్గర మాత్రం, ఎవరి ఒంటి మీదా చేతిలోనూ లేని మండే వస్తువులు అంటుకుంటాయని విడిగా రాశారు. నిప్పు సంగతి చెప్పాల్సిన చోట చెప్పారు కాబట్టి, చెప్పని చోట లేనట్టే అన్నాను. బావ వినలేదు. "సరే, మండుతుందనే అనుకుందాం. రేపు గోబ్లిన్ మాంత్రికుడు మీ అందరి కాళ్ల కింద జిడ్డు పరిచి కాగడా పడేస్తే ఒప్పుకుంటారా?" అని అడిగాను. మిగతావాళ్లు ఒక్కసారిగా "వద్దు వద్దు" అన్నారు. బావకి ఆ టర్న్‌లో ఇంకో పని ఎంచుకునే అవకాశం ఇచ్చాను. డైస్ పడ్డాక తీర్పు చెబితే ఎంత సరైనదైనా పక్షపాతంలాగే ఉంటుంది. గల్లీ క్రికెట్‌లో గోడ దాటితే ఔటా సిక్సా అన్నది బంతి వేయకముందే తేల్చుకోవాలి కదా!

2024లో వచ్చిన కొత్త పుస్తకంలో అది మండని జిడ్డు అని తేల్చేశారు. ఆ పేజీ బావకి పంపకుండా ఉండలేకపోయాను.

ఇరవై ముఖాల డైస్ మీద ఇరవై పడితే ఏదైనా జరిగిపోతుందన్న నమ్మకం ఇంకో తలనొప్పి. గాజువాక నుంచి వచ్చే చెల్లెమ్మ ఒకరు రాజుగారిని కిరీటం ఇచ్చేయమని అడిగి, నేను చెప్పకముందే డైస్ వేసేసింది. ఇరవై! కానీ మా రూల్స్‌లో ఇరవై పడితే ఖాయంగా తగిలేది దాడికే, మాటలతో ఒప్పించడానికి కాదు. రాజు దాన్ని హాస్యంగా తీసుకుని నవ్వాడు, ఖైదులో వేయలేదు. ఆ ఇరవైకి అదే గొప్ప ఫలితం. ఆమె కాసేపు మూతి ముడుచుకుంది గానీ ఆట ఆగలేదు.

తీర్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాం. అడ్వాంటేజ్ అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం, డిసడ్వాంటేజ్ అంటే చిన్నది తీసుకోవడం. అడ్వాంటేజ్‌లు ఎన్ని ఉన్నా ఒక్క డిసడ్వాంటేజ్ చాలు, రెండూ కొట్టుకుపోతాయన్నది పుస్తకంలో ఉన్న రూలే అయినా, తగువు రాకుండా అదీ రాసుకున్నాం. మొన్న కళ్లకు గంతలు పడ్డ నా ఓగర్ రాక్షసి, కింద పడి ఉన్న బావ మీద గద ఎత్తింది. అడగకముందే నోట్‌బుక్ తీసి, గంతలు డిసడ్వాంటేజ్, పడి ఉన్నవాణ్ణి దగ్గర నుంచి కొట్టడం అడ్వాంటేజ్ కాబట్టి ఒక్క డైసే వేశాను. మూడే పడింది, దెబ్బ తగల్లేదు. బావ లేచి నిలబడి, ఆ పేజీకి ఫొటో తీసుకున్నాడు.