పట్టుబడితే ఇద్దరికీ ముప్పే

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం తీరిక దొరికితే ‘ది ఓల్డ్ మ్యాన్’ మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టుకున్నాను. 2022 జూన్‌లో అమెరికన్ టీవీ ఛానెల్ ఎఫ్‌ఎక్స్‌లో మొదలైన సిరీస్. మొదటి సీజన్ 7 ఎపిసోడ్లు, రెండోది 8. 2024లో అక్కడితో ఆపేశారు. ఆ వెలితి ఇంకా ఉంది.

కథ తెలుసు కాబట్టి ఈసారి పనితనం మీదే దృష్టి పెట్టాను. మొదట్లో మాజీ సీఐఏ గూఢచారి డాన్ చేజ్ (జెఫ్ బ్రిడ్జెస్) చేసేదల్లా రాత్రిపూట లేచి బాత్రూముకి వెళ్లి రావడం, పడుకోవడం, మళ్లీ లేవడం. వయసు మీదపడిందని ఎవరూ నోటితో చెప్పరు. తర్వాత తాడుకి ఖాళీ డబ్బాలు కట్టుకుంటాడు. ఎవరైనా తగిలితే చప్పుడవుతుంది, అంతే. దశాబ్దాలుగా దాక్కున్న మనిషి నమ్మకం పెట్టుకున్నది ఆ డబ్బాల మీద, రెండు రాట్‌వీలర్ కుక్కల మీద.

కొట్లాటలు వేగంగా ఉండవు. ఎడిటింగ్ కట్‌ల మధ్య దాచేస్తే నటుడి వయసు కనబడదు, దెబ్బ బరువూ తెలియదు. ఇక్కడ షాట్లు సాగుతాయి, ఆయాసం వినబడుతుంది, పట్టు జారిపోతుంది. ఆ సన్నివేశాలు చేస్తున్నప్పుడు కడుపులో 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు కణితి ఉందని తనకే తెలియదని జెఫ్ బ్రిడ్జెస్ తర్వాత చెప్పాడు. అది తెలిశాక ఆ ఆయాసాన్ని మామూలుగా వినలేకపోయాను.

కూతురితో ఫోన్లు కూడా గమనించాలి. సిమ్ మార్చినంత మాత్రాన సరిపోదు, హ్యాండ్‌సెట్‌కి ఉన్న 15 అంకెల గుర్తింపు సంఖ్య (ఐఎంఈఐ) నెట్‌వర్క్‌కి తెలుస్తూనే ఉంటుంది. ఫోనే మార్చినా, కొత్త ఫోన్ నుంచి అదే మనిషికి చేస్తే ఆ అలవాటే ఆనవాలు. ఇలాంటి కథల్లో దొరికిపోయేది ఎక్కువగా ప్రేమ దగ్గరే.

అన్నిటికంటే గట్టి సన్నివేశంలో తుపాకీ లేదు. ఎఫ్‌బీఐ అధికారి హార్పర్ (జాన్ లిత్‌గో) చేజ్‌కి ఫోన్ చేస్తాడు. వెంటాడాల్సినవాడే పారిపొమ్మని దారి చూపిస్తాడు. చేజ్ పట్టుబడితే 1980ల నాటి అఫ్ఘానిస్తాన్ సంగతులు బయటపడతాయి, వాటిలో హార్పర్ చెయ్యి కూడా ఉంది. గొంతు పెంచడు. బెదిరింపూ బతిమాలుకోవడమూ ఒకే మాటలో వస్తాయి.

ఫ్లాష్‌బ్యాక్‌ల మీద నాకు ఫిర్యాదుంది. ముసలివాళ్ల మొహాల్లో భయం కుదురుకోకముందే గతం చూపించేస్తే పట్టు సడలుతుంది. ఈ సిరీస్‌లో అది ఒకటికి రెండుసార్లు జరిగింది.

రేపు రెండో ఎపిసోడ్. హార్పర్ ఎక్కడ మాట మింగేస్తాడో రాసుకుంటూ చూడాలి.