డబ్బాలో ఏముందో అడగండి

గచ్చిబౌలి వైపు ఫుట్‌బాల్ ఆడే పిల్లల బ్యాగుల్లో ఈ మధ్య షూస్‌తో పాటు ప్రీ-వర్కౌట్ (వ్యాయామానికి ముందు తాగే సప్లిమెంట్) డబ్బాలు కూడా కనిపిస్తున్నాయి, ఎవరిచ్చారంటే జిమ్ ట్రైనర్ అన్న ఇచ్చాడంటారు, అందులో ఏముందో మాత్రం చెప్పలేరు. నాకు నిజంగా భయమేస్తోంది.

ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ పోగ్బానే చూడండి. 2023 ఆగస్టులో ఇటలీ క్లబ్ ఉడినీస్‌తో మ్యాచ్ తర్వాత డోపింగ్ (నిషేధిత మందుల) టెస్టులో దొరికాడు, అమెరికాలో ఒక డాక్టర్ చెప్పిన సప్లిమెంట్ వల్ల అన్నాడు, అయినా నాలుగేళ్ల నిషేధం వేశారు, అప్పీలుకు వెళ్తే 18 నెలలకు తగ్గింది. గోల్‌కీపర్ ఒనానా కేసు ఇంకా బాధ, పొరపాటున భార్య మాత్ర వేసుకున్నానన్నాడు, నెదర్లాండ్స్ క్లబ్ అజాక్స్‌లో ఆడేటప్పుడు 2021లో నిషేధంతో తొమ్మిది నెలలు పోయాయి. నిషేధిత మందు ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, తెలిసి తీసుకున్నా తెలియక తీసుకున్నా.

కొకైన్, గంజాయి లాంటివైతే 2021 నుంచి రూల్ వేరు. పోటీ లేని సమయంలో, ఆటకు సంబంధం లేకుండా వాడానని నిరూపిస్తే మూడు నెలలు, చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే ఒక నెలకు తగ్గొచ్చు. అది సరైనదే, అలవాటులో పడ్డవాడికి వైద్యం కావాలి. కానీ తెలియక సప్లిమెంట్ తాగినవాడికి అంతకంటే పెద్ద శిక్ష పడొచ్చంటే నాకు మనసొప్పదు.

మందుల్లో నిషేధితమైనది ఉందేమో చూసుకోడానికి నాడా (మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్ ఉంది. సప్లిమెంట్ డబ్బాలో కల్తీ ఉంటే ఏ యాప్ చెప్పలేదు, కాబట్టి కోచ్‌లు ఈ మాట మొదటి రోజే పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ చెప్పాలి.